రాజును దాచిన చేతులు

జంషెడ్‌పూర్‌కు యాత్రికులు అరుదుగా వస్తారు. పనివారే ఎక్కువగా వస్తారు. దేవుణ్ణి చూడదలచినవారు పూరీకి పోతారు, జలపాతాలు చూడదలచినవారు రాంచీకి పోతారు. టాటానగర్ స్టేషనులో దిగే మనిషి చేతిలో సాధారణంగా ఉద్యోగపు ఉత్తరువో, పరీక్షకు పిలుపో, లేక చుట్టాల ఇంటి చిరునామానో ఉంటుంది. ఒక చైత్రమాసపు ఉదయాన నేను అక్కడ దిగినప్పుడు నా చేతిలో ఉన్నది మూడవది.

మా బాబాయిగారి తండ్రి శ్రీకాకుళం ప్రాంతం నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడినవాడు. బాబాయిగారు ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ ఊళ్ళోనే పని నేర్చి, ఇక్కడే విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇట్టి తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో ఎన్నో ఉన్నవి. బిష్టుపూర్‌లో మనవారు కట్టుకున్న రామమందిరం ముందు నిలబడితే, చుట్టూ వినిపించే మాటలను బట్టి మనం ఏ సోంపేటలోనో, పలాసలోనో ఉన్నామని భ్రమ కలుగుతుంది.

ఈ ఊరి చరిత్ర మనదేశపు పారిశ్రామిక చరిత్రలో ఒక ముఖ్యాధ్యాయం. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోట సాక్చీ అనే చిన్న పల్లె ఉండేది. జంషెడ్జీ టాటా కన్న కలను ఆయన మరణానంతరం కుమారుడు దొరాబ్జీ నిజం చేయగా, 1907లో కంపెనీ ఏర్పడింది. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మె బయటికి వచ్చింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. అంతవరకు కాళీమాటి అని పిలువబడిన రైలు స్టేషను టాటానగర్ అయింది. కాళీమాటి అంటే నల్లమట్టి. మట్టి పేరు పోయి మనిషి పేరు వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, నేను ఏమేమి చూడదలచానో చెప్పాను. కర్మాగారం, జూబ్లీ పార్కు, దల్మా కొండలు. బాబాయిగారు అన్నీ విని తల ఊపారు.

“అవన్నీ ఎక్కడికీ పోవు బాబూ. నాలుగు రోజులే జరిగేది ఒకటుంది, ముందు అది చూడాలి. రేపు సరైకేలా పోదాం. రాజులకు మొహాలు తయారుచేసిన వాళ్ళ ఊరది.”

రాజులకు కిరీటాలు చేసినవారి గురించి విన్నాను, చెప్పులు కుట్టినవారి గురించి విన్నాను. మొహాలు తయారుచేసినవారి గురించి వినడం అదే మొదలు.

సరైకేలా జంషెడ్‌పూర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరం. ఖర్కాయ్ నది వంతెన దాటితే ఆదిత్యపూర్. ఇక్కడ పెద్ద కర్మాగారానికి కావలసిన విడిభాగాలు తయారుచేసే చిన్న, మధ్యతరగతి పరిశ్రమలు బారులు తీరి ఉన్నవి. గమ్హరియా, కాండ్రా దాటిన తరువాత పొగగొట్టాలు వెనుకబడి, మద్దిచెట్లు, మోదుగులు, ఎర్రని నేల కనిపించడం మొదలవుతుంది. ఆ మద్దిచెట్లమీద పెరిగే పురుగు నుంచే మనం దసలి పట్టు అనే టస్సరు వస్తుంది. దేశంలో దసలి పట్టు అత్యధికంగా పండేది జార్ఖండ్ రాష్ట్రంలోనే. సరైకేలా పక్కనున్న ఖర్సావాన్, కుచాయ్ ప్రాంతాలు ఆ పట్టుకు పేరుపొందినవి.

ఇంత పట్టు చేతికి అందేటంత దూరంలో ఉన్న రాజ్యంలో రాజుగారి అలంకరణకు ముఖ్యమైన వస్తువు పట్టు కావలసింది. కాని సరైకేలాలో ఆ గౌరవం నదీతీరపు బంకమట్టికి, పాతకాగితానికి, నాలుగు పేలికల పలుచని గుడ్డకు దక్కింది.

సరైకేలా ఒకప్పుడు చిన్న సంస్థానం. 17వ శతాబ్దంలో సింహభూమ్ రాజవంశపు శాఖ ఒకటి ఇక్కడ పాలన నెలకొల్పింది. ప్రజల్లో ఒడియా మాట్లాడేవారు ఎక్కువ. చుట్టూ హో, సంథాల్ మొదలైన ఆదివాసుల పల్లెలు. స్వాతంత్ర్యానంతరం 1948 జనవరి 1న ఈ సంస్థానాన్ని ఒరిస్సాలో విలీనం చేశారు. ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించిన ఆదివాసులపై అదే రోజున పొరుగున ఉన్న ఖర్సావాన్‌లో జరిగిన కాల్పులను ఈ ప్రాంతం నేటికీ మరువలేదు. కొన్ని నెలలకే, మే 18న, ఇది బీహారుకు బదిలీ అయింది. 2000లో జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడగా, మరుసటి ఏడు సరైకేలా-ఖర్సావాన్ ప్రత్యేక జిల్లా అయింది.

ఇంత చిన్న సంస్థానానికి దేశదేశాల పేరు తెచ్చినది ఛౌ నృత్యం. ఛౌ మూడు విధాలు. బెంగాల్‌లోని పురూలియా ఛౌలోను, సరైకేలా ఛౌలోను నర్తకులు ముసుగు, అనగా మనం మాస్కు అనేది, ధరిస్తారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఛౌలో ముసుగు ఉండదు. ఆ పేరు ఎట్లా వచ్చిందనే విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఛాయ నుంచి వచ్చిందని కొందరు, సైనికుల విడిది అయిన ఛావనీ నుంచి వచ్చిందని కొందరు, మారువేషమనే అర్థమున్న ఛద్మ శబ్దం నుంచి వచ్చిందని మరికొందరు చెబుతారు.

మన తంజావూరు నాయకరాజులు తెలుగులో యక్షగానాలు రచించారు, ఆడించారు, సింహాసనంపై కూర్చుండి చూచి ఆనందించారు. సరైకేలా రాజవంశీయులు ఒక అడుగు ముందుకు వేసి తామే కాళ్ళకు గజ్జెలు కట్టుకున్నారు. మహారాజు ఆదిత్య ప్రతాప సింగ్ దేవ్ కాలంలో ఆయన సోదరుడు విజయ ప్రతాప సింగ్ దేవ్ ఎన్నో నృత్యాలకు రూపకల్పన చేసి, ఈ కళకు నేటి రూపం ఇచ్చాడు. రాజకుమారుడు శుభేంద్ర నారాయణ్ 1938లో బృందంతో ఐరోపా వెళ్ళి అక్కడి రంగస్థలాలపై నర్తించాడు. మరో రాజకుమారుడు సుధేంద్ర నారాయణ్‌కు 1963లో సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది.

వీరందరూ నర్తించినది ముసుగులు ధరించే. ఆ ముసుగులు చేసినవారే ఈ సంస్థానపు అసలైన రాజదర్జీలు.

దర్జీ అనే మాటను ఊరికే వాడలేదు. రాజులకు, రాణులకు దుస్తులు కుట్టి ప్రపంచప్రసిద్ధి పొందినవారి చరిత్రలు చదివితే వారి పనికి, సరైకేలా పనివారి పనికి ఉన్న పోలిక, భేదం రెండూ తెలుస్తాయి. ఇంగ్లండు నుంచి పారిస్‌కు వెళ్ళి స్థిరపడిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ సామ్రాజ్ఞి యూజినీకి దుస్తులు రూపొందించాడు. చిత్రకారుడు బొమ్మకింద సంతకం చేసినట్లుగా, తాను తయారుచేసిన దుస్తుల లోపల తన పేరున్న పట్టీ కుట్టించాడు. లండన్‌లో నార్మన్ హార్ట్‌నెల్ 1947 నవంబరులో రాజకుమారి ఎలిజబెత్ పెళ్ళి గౌనును తీర్చిదిద్దాడు. అవి యుద్ధానంతరపు కరువు రోజులు. పెళ్ళికూతురికి సైతం బట్ట రేషను కూపన్లపైనే. అయినా అమెరికా నుంచి తెప్పించిన పదివేల చిరుముత్యాలు ఆ గౌనులో మెరిశాయి. 1953లో ఆమె పట్టాభిషేకానికి అతడు రూపొందించిన గౌనుపై కామన్‌వెల్త్ దేశాల చిహ్నాల నడుమ మన తామరపూవు కూడా వికసించింది. 1977లో హార్ట్‌నెల్‌కు సర్ బిరుదు లభించింది.

అంత దూరం పోనక్కరలేదు. నీలోఫర్ ఆసుపత్రి పేరుతో హైదరాబాదువారి నోట నిత్యం నలిగే నీలోఫర్ బేగం నిజాం రెండవ కోడలు. ఆమె చీరలపై బొంబాయి పనివారు చేసిన అల్లికపని ఎంత అపూర్వమైనదంటే, ఆ చీరలు కొన్ని నేడు న్యూయార్కులోని ఫ్యాషన్ విద్యాసంస్థ ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నవి.

ఈ దర్జీలందరి లక్ష్యం ఒక్కటే. తాము అలంకరించిన మనిషిని వేయిమందిలో ఉన్నా ఇట్టే గుర్తుపట్టాలి. సరైకేలా పనివారి లక్ష్యం దానికి సరిగా విరుద్ధం. తాము అలంకరించిన మనిషి రాజైనా సరే, పక్కనే నిలబడినా గుర్తుపట్టకూడదు.

మేము మధ్యాహ్నానికి సరైకేలా చేరుకున్నాము. రాజభవనానికి ఎంతో దూరం లేని ఒక వీధిలో, పెంకుటింటి అరుగుమీద ముసుగులు ఆరబెట్టి ఉన్నవి. నీలివర్ణపు కృష్ణుడు, అరమోడ్పు కన్నుల రాధ, పక్కనే ఇంకా రంగుపడని రెండు తెల్లని మొహాలు. ఏవి దేవతలవో, ఏవి జాలరులవో రంగుపడితేగాని తెలియదు.

సరైకేలాలో ముసుగుల తయారీ అనగానే మొదట చెప్పుకొనే పేరు ప్రసన్నకుమార్ మహాపాత్ర. పూర్వం ముసుగులు బరువుగా, మోటుగా ఉండేవి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ప్రసన్నకుమార్ వంటి శిల్పుల చేతిలో అవి తేలికపడి, నేడు మనం చూసే సుకుమారమైన రూపాన్ని పొందాయి. రాజకుమారులు కొత్త నృత్యం కల్పించినప్పుడల్లా దానికి తగిన కొత్త ముఖం కావలసివచ్చేది. రాత్రికి ఒక ముఖం కావాలి. సీతాకోకచిలుకకు ఒక ముఖం కావాలి. నెమలికి, హంసకు, బాణం తగిలిన లేడికి, తుపానులో చిక్కిన పడవవానికి, అతని భార్యకు వేరువేరు ముఖాలు కావాలి. రాత్రి ముఖం ఎట్లా ఉంటుందో ఏ శాస్త్రంలోను వ్రాసి లేదు. నర్తకుడు ఆలోచించాలి, శిల్పి కల్పించాలి. పారిస్‌లోని దర్జీ సామ్రాజ్ఞి కొలతలు తీసుకున్నట్లే ఇక్కడి శిల్పి రాజకుమారుని ఊహకు కొలతలు తీసుకునేవాడన్నమాట.

పని జరిగే పద్ధతి చూడడానికి సులభంగానే కనిపిస్తుంది. ఖర్కాయ్ ఒడ్డునుంచి తెచ్చిన బంకమట్టిని మెత్తగా పిసికి చెక్కపలకమీద ముఖాకృతిని దిద్దుతారు. అది ఆరిన తరువాత దానిపై జిగురుతో కాగితం ముక్కలను, పలుచని మల్లుగుడ్డను పొరలు పొరలుగా అంటిస్తారు. పైన మళ్ళీ పలుచని మట్టిపూత. ఈ పూత పచ్చిగా ఉండగానే సన్నని పనిముట్టుతో కనురెప్పల అంచు, ముక్కు కొన, పెదవుల వంపు తేలుస్తారు. ఆరిన తరువాత లోపలి మట్టిని తొలగించి, కాగితం, గుడ్డ కలిసిన తేలికైన తొడుగును మాత్రం వేరుచేస్తారు. కళ్ళకు, ముక్కుకు సన్నని రంధ్రాలు తొలుస్తారు. గరుకు తీసి, నునుపుచేసి, లేతరంగులు వేస్తారు. చివర జరీ, పూసలు, తళుకులు కూర్చిన శిరోభూషణం అమరుస్తారు.

మన కొండపల్లి బొమ్మల పనివారు పొణికి చెక్కపై చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపి అంగాలు అతికే తీరు చూచినవారికి ఈ పని పరిచితంగానే తోస్తుంది. కాని ఒక భేదం ఉన్నది. కొండపల్లి బొమ్మ అలమరలో నిలబడి ఉంటే చాలు. ఈ ముసుగు మనిషితోపాటు ఎగరాలి, వంగాలి, గిర్రున తిరగాలి. గడ్డం కింద ఒక చిన్న అంచు ఎక్కువైతే మెడ తిరగదు. కంటి రంధ్రం కొద్దిగా పక్కకు జరిగితే నర్తకునికి నేల కనిపించదు. బరువు కాస్త పెరిగితే ఊపిరి అందదు. ఆ ఇరుకులో, ఆ ఉక్కలో ఎక్కువసేపు నర్తించడం ఎవరికీ సాధ్యం కాదు. కనుకనే సరైకేలా నృత్యాలు సాధారణంగా ఏడెనిమిది, మహా అయితే పది నిమిషాలలో ముగుస్తాయి. రాగతాళాల లెక్క సరే, ముక్కుకు పెట్టిన రెండు రంధ్రాల లెక్క కూడా ఇక్కడి నృత్యాల నిడివిని నిర్ణయించింది.

ఇంకొక కష్టం కూడా శిల్పిదే. ముసుగు నవ్వదు, ఏడవదు. అందువల్ల అతడు అటు సంతోషమూ ఇటు దుఃఖమూ కాని ఒక ముఖభావాన్ని దిద్దాలి. నర్తకుడు తల కొద్దిగా ఎత్తితే వెలుగు పడి ఆ ముఖం వికసించినట్లు, కొద్దిగా వంచితే నీడ పడి విషాదం కమ్మినట్లు కనిపించాలి. జపాన్ దేశపు నో నాటకంలోని ముసుగులు చేసేవారు కూడా ఈ రహస్యంపైనే ఆధారపడతారు. సముద్రాల అవతలివారు, ఖర్కాయ్ ఒడ్డువారు ఒకే సూత్రాన్ని ఎవరికి వారు కనుగొన్నారు.

నేను ఒక ముసుగును అడిగి చేతిలోకి తీసుకున్నాను. అరచేతిలో పూరీ అంత బరువు కూడా తోచలేదు. వెనక్కు తిప్పి చూశాను. లోపల కాగితపు పొరలు, జిగురు మరకలు తప్ప ఏమీ లేవు. చేసినవారి పేరు ఎక్కడ వ్రాస్తారని బాబాయిగారి ద్వారా అడిగించాను. ఆ పనివాడు ప్రశ్న అర్థం కానట్లు కొంతసేపు చూచి, తరువాత నవ్వాడు.

“చెమటకు సిరా నిలవదంటున్నాడు,” అని బాబాయిగారు తెలిగించారు.

ఆ సమాధానం హాస్యానికి చెప్పినదో, ఉన్నమాటే చెప్పినదో నాకు నేటికీ తెలియదు.

సరైకేలాలో చైత్రపర్వం ఏప్రిల్ రెండవ వారంలో, మేష సంక్రాంతికి ముందు రోజులలో జరుగుతుంది. నది నుంచి ఘటాలను ఊరేగింపుగా తెచ్చి శివుణ్ణి, శక్తిని ఆరాధిస్తారు. ఊళ్ళోని అఖాడాలు, అనగా సాధనశాలలు, ఒకదానితో ఒకటి పోటీపడి నృత్యాలు ప్రదర్శించే సంప్రదాయం రాజుల కాలంనుంచి వచ్చినది. ఈ సాధనకు మూలం యుద్ధవిద్య. డాలు కత్తి పట్టి చేసే ఆ అభ్యాసాన్ని పరిఖండ అంటారు. అయితే దానిలోనుంచి పుట్టిన నృత్యభంగిమలకు పేర్లు పెట్టినవారు యుద్ధరంగంవైపు చూడలేదు, పెరటివైపు చూశారు. పేడనీళ్ళు కలపడం, కళ్ళాపి చల్లడం, అంట్లు తోమడం, నుదుట సిందూరం దిద్దుకోవడం వంటి ఇంటిపనులు ఇక్కడ అడుగులుగా మారాయి. సరైకేలా రాజకుమారుడు నృత్యం నేర్వాలంటే ముందు తన దాసి చేసే పనిని కాలితో చేయడం నేర్వాలి.

రాత్రి దీపాల వెలుగులో ఢోలు, నగారా మ్రోగాయి. మహూరి అనే సన్నాయి ఎత్తుగా పలికింది. పాట లేదు, మాట లేదు. మొదట పడవవాడు, అతని భార్య వచ్చారు. రంగంమీద పడవ లేదు, నీళ్ళు లేవు. అయినా వారి మోకాళ్ళ ఊపులో అల కనిపించింది, తుపాను కనిపించింది. తరువాత చంద్రభాగ వచ్చింది. సూర్యుడు మోహించి వెంటబడగా తప్పించుకోలేక సముద్రంలో పడి ప్రాణం విడిచిన మునికన్య ఆమె. ముసుగులోని ఆ మందహాసం మొదటినుంచి చివరివరకు మారలేదు. కాని ఆమె సముద్రంవైపు అడుగు వేసినప్పుడు నా పక్కన కూర్చున్న ముసలావిడ కొంగుతో కళ్ళు తుడుచుకున్నది.

“మా నాన్న నన్ను చిన్నప్పుడు భుజాలమీద ఎక్కించుకుని తెచ్చేవాడు,” అన్నారు బాబాయిగారు. “అప్పుడు ఎవరు ఆడుతున్నారో తెలిసేది కాదు బాబూ. రాజుగారి తాలూకో, మన తాలూకో ముసుగు తీసేదాకా తెలిసేది కాదు. అందరికీ ఒకటే చప్పట్లు.”

ఆ మాట గురించి నేను చాలాసేపు ఆలోచించాను. సింహాసనంమీద కూర్చున్నవానికి ప్రతివాడూ చప్పట్లు కొడతాడు. ఆ చప్పట్లు సింహాసనానికా, తనకా అనే సందేహం ఏ కొంచెం వివేకమున్న రాజుకైనా కలిగి తీరుతుంది. ముసుగు తొడిగిన రాజకుమారునికి ఆ సందేహం లేదు. అతనికి దక్కిన ప్రశంస అతని కాళ్ళు సంపాదించినది. లోకంలోని రాజదర్జీలెవరూ తమ ప్రభువులకు ఇవ్వలేని వస్తువు ఇది. ముత్యాల గౌనులో లేని ఆ స్వేచ్ఛను పేరులేని శిల్పి కాగితంతో, గుడ్డతో తయారుచేసి ఇచ్చాడు.

అయితే ఈ సమానత్వాన్ని అతిగా పొగడడం కూడా సత్యదూరమే. అది నిలిచేది ఏడెనిమిది నిమిషాలే. ముసుగు తీసిన మరుక్షణం రాజు రాజే, పనివాడు పనివాడే. పైగా చాలాకాలం ఆ ముసుగులు తొడిగే అర్హత పురుషులకు మాత్రమే ఉండేది. మన కూచిపూడిలో వలెనే రాధగాను, పార్వతిగాను నర్తించినవారందరూ మగవారే. ఆ కట్టుబాటు 20వ శతాబ్దపు చివరి దశాబ్దాలలోగాని సడలలేదు. అమెరికా నుంచి వచ్చిన షారన్ లోవెన్ 1970లలో ప్రసిద్ధ గురువు కేదార్‌నాథ్ సాహు వద్ద ఈ నృత్యాన్ని అభ్యసించి రంగంమీదికి తెచ్చారు. 1988లో వచ్చిన ‘స్వర్ణకమలం’ చిత్రంలో ఒడిస్సీ నర్తకిగా కనిపించిన ఆమెను తెలుగు ప్రేక్షకులు మరచి ఉండరు.

కేదార్‌నాథ్ సాహు రాజవంశీయుడు కాడు. రాజుల శిక్షణలో ఎదిగి, రాజ్యం పోయిన తరువాత ఆ విద్యను కాపాడినవారిలో అగ్రగణ్యుడు. ఆయనకు 2005లో పద్మశ్రీ వచ్చింది. 2020లో శశధర్ ఆచార్యకు అదే గౌరవం దక్కింది. రాజులు విడిచిన బాధ్యతలో కొంత భాగాన్ని ప్రభుత్వం నెలకొల్పిన ఛౌ కళాకేంద్రం స్వీకరించింది. 2010లో యునెస్కో ఛౌ నృత్యాన్ని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అదే సందర్భంలో, పెరుగుతున్న పరిశ్రమలు, ఆర్థికమైన ఒత్తిళ్ళు, కొత్త ప్రసార సాధనాలు ఈ కళలో ప్రజల సామూహిక భాగస్వామ్యాన్ని తగ్గిస్తున్నాయని హెచ్చరించింది.

ఆ హెచ్చరిక అర్థం కావాలంటే సరైకేలా నుంచి తిరిగి ఆదిత్యపూర్ వైపు రావాలి. రాజుల కాలంలో ముసుగు చేసేవాని ఇంటి పోషణ కోటనుంచి జరిగేది. 1948లో రాజ్యం పోయింది, 1971లో రాజభరణాలు కూడా రద్దయినవి. ఇప్పుడు ఆ శిల్పి కుటుంబానికి ఆధారం నృత్యబృందాల కొనుగోళ్ళు, గోడకు వ్రేలాడదీసుకొనడానికి చిన్న ముసుగులు కొనే అతిథులు. ఒక మంచి ముసుగుకు మట్టి ఆరాలి, జిగురు ఆరాలి, రంగు ఆరాలి. ఏ దశలోను తొందర పనికిరాదు. అక్కడికి గంట ప్రయాణంలో ఉన్న కర్మాగారంలో నెల తిరిగేసరికి జీతం చేతికి వస్తుంది. కన్నతండ్రి ఎవరైనా కొడుకును ఎటు పంపుతాడో చెప్పనక్కరలేదు. అందుకు అతనిని తప్పుపట్టే హక్కు కూడా మనకు లేదు. మా బాబాయిగారి తండ్రి శ్రీకాకుళంలో ఏ వృత్తిని విడిచి ఈ ఇనుము ఊరికి వచ్చాడో, ఆ వృత్తిని ఇప్పుడు అక్కడ ఎవరు చేస్తున్నారో మేమెవరమూ ఎన్నడూ అడగలేదు.

అయినా పని ఆగలేదు. మహాపాత్ర కుటుంబంవారు, మరికొందరు శిల్పులు ఇంకా ముసుగులు చేస్తూనే ఉన్నారు. నర్తకులకు పురస్కారాలు వచ్చినప్పుడు పత్రికలలో పడే ఛాయాచిత్రాలను గమనించండి. నర్తకుని పేరు కింద ఉంటుంది. ఆ చిత్రంలో మనకు నిజంగా కనిపించే ముఖం మాత్రం శిల్పి చేసినది. దాని కింద అతని పేరు ఉండదు. హార్ట్‌నెల్‌కు బిరుదు ఇచ్చిన లోకం ఈ పనివాని పేరు అడిగి వ్రాసుకుంటే పోయేదేమీ లేదు. ముసుగు లోపల సిరా నిలవకపోవచ్చు. పుస్తకంలో నిలుస్తుంది, ప్రదర్శనశాల గోడమీద నిలుస్తుంది, కార్యక్రమపత్రంలో నర్తకుని పేరు కింద ఒక చిన్న పంక్తిగా నిలుస్తుంది. అంతకు మించిన ఖర్చు లేని గౌరవం ఇంకొకటి ఉండదు.

అర్ధరాత్రి దాటిన తరువాత ప్రదర్శన ముగిసింది. తెరవెనుక చంద్రభాగ ముసుగు తీశాడు. పాతికేళ్ళు నిండని కుర్రవాడు, ముఖమంతా చెమట, జుట్టు నుదుటికి అంటుకుని ఉన్నది. నోరంతా తెరిచి గాలి పీలుస్తున్నాడు. కాని తన ముఖం తుడుచుకోవడానికి ముందు అతడు చేసిన పని నేను మరువలేను. ముసుగును వెల్లకిల పట్టుకుని, లోపలి తడిని మెత్తని గుడ్డతో అద్ది, పసిపాపను పడుకోబెట్టినట్లు పెట్టెలో పెట్టాడు. తరువాతనే తన చెమట సంగతి చూసుకున్నాడు. ఆ ముసుగును చేసినవాడు అక్కడ లేడు. ఉంటే ఆ దృశ్యాన్ని తన సంతకంగా భావించి ఉండేవాడని నాకు తోచింది.

మరునాటి సాయంకాలం బాబాయిగారు నన్ను సోనారీలోని దోముహానీకి తీసుకుపోయారు. అక్కడ ఖర్కాయ్ వచ్చి సువర్ణరేఖలో కలుస్తుంది. సరైకేలాలో ముసుగులకు మట్టినిచ్చిన నది, ఇక్కడ ఉక్కు ఊరి పక్కగా సాగిపోతుంది. దూరంగా కర్మాగారపు గొట్టాలు కనిపిస్తున్నవి. బాబాయిగారు ఒడ్డున వంగి తడిమట్టి కొంచెం తీసుకుని వ్రేళ్ళమధ్య నలిపి చూశారు.

“ఇక్కడ ఇసుక ఎక్కువ బాబూ,” అన్నారు. “ముసుగుకు పనికిరాదు. దానికి సరైకేలా మట్టే కావాలి.”

నలభై ఏళ్ళు ఇనుముతో పనిచేసిన ఆ చేతులకు మట్టి గురించి అంతమాత్రం తెలియడం నాకు సంతోషం కలిగించింది. ఆయన చేయి కడుక్కుని లేచారు. మేము ఇంటిదారి పట్టాము.